ఇంటిల్లిపాదికీ ఒకటే రొట్టె



గోధుమ పడనివాళ్ళు తినే రొట్టె గురించి ఈ పూట మీతో మాట్లాడాలని వచ్చాను. బేకరీలో దొరికే బ్రెడ్డు సంగతీ చెబుతాను, మన పొయ్యి మీద కాలే రొట్టె సంగతీ చెబుతాను. ఈ మాట ఎత్తగానే మన ప్రాంతంలో ఎవరైనా అనేది ఒకటే. "మనం అన్నం తినేవాళ్ళం. గోధుమ మానేస్తే మనకు పోయేదేముంది?" మా అమ్మాయికి సీలియాక్ వ్యాధి ఉందని తేలినప్పుడు చుట్టపక్కాలందరూ నన్ను ఇలాగే ఓదార్చారు. అన్నం, పప్పు, పెరుగు ఉన్న ఇంట్లో ఎవరూ పస్తుండరన్నది నిజమే. కానీ బడికి వెళ్ళే పిల్లకి రోజు ఎలా గడుస్తుందో చూడండి. పొద్దున్నే హడావిడిలో రెండు బ్రెడ్డు ముక్కలకి జామ్ రాసి చేతికిస్తాం. మధ్యాహ్నం బళ్ళో పిల్లలు డబ్బాలు మార్చుకు తింటారు. సాయంత్రం ట్యూషన్ పక్కన బేకరీలో పఫ్ కొనుక్కుంటారు. రాత్రికి చపాతీ. రైలెక్కితే బ్రెడ్ ఆమ్లెట్. జ్వరం వస్తే పాలూ బ్రెడ్డూ. మా అమ్మమ్మ రోజుల్లో గోధుమ పండక్కీ పబ్బానికీ వచ్చేది. ఇప్పుడు మన ఇళ్ళలో గోధుమ లేని పూట వెతుక్కోవాలి.

ఈ జబ్బుకి మాత్ర లేదు, ఇంజెక్షన్ లేదు. ఉన్న వైద్యం ఒక్కటే. గోధుమలో ఉండే గ్లూటెన్ అనే పదార్థం ఉన్న తిండి ఇక జన్మలో ముట్టకూడదు. ఏడేళ్ళ పిల్లకి మొదలుపెట్టిన ఈ వైద్యం డెబ్భై ఏళ్ళు వచ్చినా ఆపడానికి లేదు. గట్టిగా, పొడిగా, నమిలితే పిండై అంగిలికి అతుక్కునే రొట్టె పెట్టి, "నీకు ఇదే మందు, తిను" అంటే ఎంతకాలం తింటుంది? మన కళ్ళ ముందు ఉన్నన్నాళ్ళు తింటుంది. హాస్టల్‌కి వెళ్ళిన వారానికే పక్కపిల్ల కంచంలో పరోటా తుంచుకుంటుంది. అందుకే రొట్టె రుచిగా ఉండాలనడం గారాబం కాదు, అది వైద్యంలో భాగమే. ఈ సంగతి గుర్తించిన దేశాలున్నాయి. ఇటలీలో సీలియాక్ ఉన్నవాళ్ళకి గ్లూటెన్ లేని తిండి కొనుక్కోవడానికి ప్రభుత్వం నెలనెలా భత్యం ఇస్తుంది. ఇంగ్లండులో కొన్ని చోట్ల ఇలాంటి బ్రెడ్డునీ, బ్రెడ్డు చేసుకునే పిండినీ డాక్టరు చీటీ మీద రాసే పద్ధతి ఉంది. అక్కడ రొట్టె మందుల జాబితాలోకి ఎక్కింది.

జబ్బు గురించి నాలుగు మాటలు చెప్పి ముందుకు వెళతాను. గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాల్లో ఉండే ఒక మాంసకృత్తుల ముద్దని గ్లూటెన్ అంటారు. సీలియాక్ ఉన్నవాళ్ళ ఒంట్లోకి అది వెళితే, ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే చిన్నపేగు లోపలి పొర మీద దాడి చేస్తుంది. తిన్నది ఒంటికి పట్టదు. కొందరికి విరేచనాలు, కడుపుబ్బరం. కొందరికి ఆ లక్షణాలేవీ ఉండవు. ఎన్ని ఐరన్ మాత్రలు మింగినా రక్తం పట్టదు, ఎముకలు బలహీనపడతాయి, పిల్లలయితే వయసుకు తగ్గ ఎత్తు ఎదగరు. గోధుమ ఎక్కువగా తినే ఉత్తరాదిన ఇది సుమారు నూటికి ఒకరికి ఉంటుందని లెక్కలు చెబుతున్నాయి. దక్షిణాదిన చాలా అరుదు. అరుదు కాబట్టే ఇక్కడ అనుమానం ఆలస్యంగా వస్తుంది.

ఈ జబ్బు వెనక గోధుమ ఉందని నిలబెట్టి చూపించినవాడు విల్లెమ్ డికె అనే డచ్చి పిల్లల డాక్టరు. హేగ్ నగరంలో పనిచేసేవాడు. 1930ల్లోనే ఆయనకి గోధుమ మీద అనుమానం ఉండేది. రెండో ప్రపంచయుద్ధం చివర, 1944-45 చలికాలంలో, హాలండులో ఘోరమైన కరువు వచ్చింది. రొట్టె దొరక్క జనం తులిప్ దుంపలు తిన్నారు. చుట్టూ జనం ఆకలితో అలమటిస్తుంటే ఈ జబ్బున్న పిల్లలు మాత్రం తేరుకున్నారు. రొట్టె తిరిగి రాగానే జబ్బూ తిరిగొచ్చింది. డికె ఆ పరిశీలనతో ఆగలేదు. ఒక్కొక్క ధాన్యం పెట్టి చూసి, తీసి చూసి, 1950లో తన సిద్ధాంత గ్రంథంలో రుజువులతో రాశాడు. మా అమ్మాయి కంచం దగ్గర కూర్చున్నప్పుడల్లా నేను ఆయనకి మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

ఒక్క హెచ్చరిక. ఇది వింటున్నవాళ్ళలో ఎవరికైనా అనుమానం వస్తే, రేపటినుంచే గోధుమ మానెయ్యకండి. ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళండి. రక్తపరీక్షా, ఎండోస్కోపీలో పేగు ముక్క తీసి చేసే పరీక్షా గోధుమ తింటూ ఉన్నప్పుడు చేస్తేనే నిజం చెబుతాయి. ముందే మానేస్తే జబ్బున్నా కనబడకపోవచ్చు. ఏ జబ్బూ లేనివాళ్ళు సన్నబడదామని గోధుమ మానడం వేరే సంగతి, దాని జోలికి నేను పోను.

ఇక గోధుమ ఎక్కడెక్కడ దాక్కుంటుందో చెప్పాలి. చపాతీ, పూరీ, సేమ్యా, బొబ్బట్లు, కాజాలు మనకి తెలిసినవే. రవ్వల దగ్గర జాగ్రత్త కావాలి. బొంబాయి రవ్వా గోధుమే, ఎర్రగా ఉండే గోధుమ రవ్వా గోధుమే. ఇడ్లీ రవ్వ మాత్రం బియ్యం. ఒంట్లో వేడి చేసిందని కాచి ఇచ్చే బార్లీ నీళ్ళు పనికిరావు. పాలల్లో కలిపే మాల్టు పొడుల్లో చాలావాటికి మూలం బార్లీ, గోధుమే. అన్నవరం సత్యదేవుడి ప్రసాదం గోధుమ నూకతో చేసేది. అది కళ్ళకద్దుకుని పక్కవాళ్ళకి ఇవ్వడం మా అమ్మాయి నేర్చుకుంది. అన్నిటికన్నా నన్ను కంగారుపెట్టింది ఇంగువ. డబ్బాల్లో వచ్చే ఇంగువ ఒట్టి ఇంగువ కాదు. అసలు ఇంగువ ఘాటు తట్టుకోలేం కాబట్టి, జిగురూ పిండీ కలిపి అమ్ముతారు. ఆ పిండి తరచుగా మైదా. చారులో చిటికెడు, పులిహోరలో చిటికెడు, మజ్జిగపులుసులో చిటికెడు. గోధుమ మానేశాం అనుకున్న ఇంట్లో మూడు పూటలా గోధుమ నడుస్తూనే ఉంటుంది. బియ్యప్పిండి కలిపిన ఇంగువ కూడా దొరుకుతుంది. డబ్బా వెనక చదివి అదే తెచ్చుకోండి.

చదవడం అన్నాను కాబట్టి బ్రెడ్డు కొనే సంగతికి వస్తాను. రాగి బ్రెడ్డు, మిల్లెట్ బ్రెడ్డు, మల్టీగ్రెయిన్ బ్రెడ్డు అని పేర్లు పెట్టి అమ్మేవాటిలో చాలావాటికి మొదటి దినుసు మైదానో గోధుమపిండో అయి ఉంటుంది. రాగి పిండి రంగుకీ పేరుకీ కాస్త పడుతుంది. ఒక బేకరీలో కౌంటరు దగ్గర అబ్బాయి "ఇందులో గోధుమే లేదు మేడమ్" అని గట్టిగా చెప్పాడు. సంచీ వెనక్కి తిప్పితే మైదా పేరు అన్నిటికంటే ముందు ఉంది. ఆ అబ్బాయికి అబద్ధం చెప్పే ఉద్దేశం లేదు, అతనికీ ఎవరో అలాగే చెప్పారు. అందుకే కౌంటరు మాట మీద కొనకండి. కిలోకి 20 మిల్లీగ్రాముల లోపు గ్లూటెన్ ఉన్న తిండికే "గ్లూటెన్ ఫ్రీ" అని ముద్ర వేసుకునే వీలు ఉంటుంది. మన దేశంలోనూ, అంతర్జాతీయంగానూ అదే కొలత. ఆ ముద్ర చూడండి, కింద దినుసులు చదవండి. శాంథన్ గమ్ అని కనబడితే కంగారు పడక్కర్లేదు. పిండిని పట్టి ఉంచడానికి వేసే జిగురు అది, గోధుమకి సంబంధం లేదు.

ముద్ర ఉన్న బ్రెడ్డు పెద్ద ఊళ్ళలోనూ, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది. తెప్పించి తిన్నాం. కొన్ని బాగున్నాయి, ఆ మాట దాచను. అమెరికా నుంచి వచ్చినప్పుడల్లా మా ఆడపడుచు పెట్టెలో తెచ్చే బ్రెడ్డు మెత్తగా ఉంటుంది, మా అమ్మాయి సంబరంగా తింటుంది. అయితే వాటిలో చాలావాటికి ఒళ్ళంతా గంజిపిండే. మొక్కజొన్న గంజి, బంగాళాదుంప గంజి, కర్రపెండలం గంజి, కాస్త చక్కెర, కాస్త నూనె. పీచు తక్కువ, మాంసకృత్తులు తక్కువ. పేగు దెబ్బతిని రక్తం పట్టక ఇబ్బంది పడ్డ పిల్లకి రోజూ పెట్టదగ్గ తిండి కాదది. పైగా ధర. ఒక మనిషికి సరిపడా కొంటాం కానీ ఇంట్లో అందరికీ కొనలేం. దాంతో ఆ సంచీ ఫ్రిజ్‌లో ఒక మూల చేరుతుంది. "అది అక్కది, ముట్టకు" అని చిన్నవాడికి చెబుతాం. ఆ మాట రోజూ వింటూ పెరిగే పిల్లకి తను అందరిలాంటిది కాదన్న సంగతి తిండి దగ్గరే మూడు పూటలా గుర్తుకొస్తుంది. నాకు నచ్చనిది ఇదే. అందరూ ఒకే రొట్టె విరుచుకు తినాలి. దానికి ఆ రొట్టె ఇంట్లో తయారవ్వాలి, గోధుమ పడేవాళ్ళూ ఇంకో ముక్క అడిగేలా ఉండాలి.

అలాంటి రొట్టె ఎలా వస్తుందో తెలియాలంటే గోధుమ చేసే పని ఏమిటో తెలియాలి. బొబ్బట్లకి తోపు పిండి కలిపినవాళ్ళకి ఇది చేతికి తెలిసిన విషయమే. మైదాలో నీళ్ళు పోసి బాగా మర్దించి నూనెలో నానబెడితే, తెగకుండా సాగుతుంది. గ్లయాడిన్, గ్లూటెనిన్ అని రెండు మాంసకృత్తులు నీళ్ళు తగలగానే ఒకదానితో ఒకటి పెనవేసుకుంటాయి. ఈస్టు వదిలే గాలి ఆ అల్లికలో చిక్కుకుంటుంది. బ్రెడ్డు పొంగుతుంది, కాలాక ఆ బుడగలు అలాగే నిలబడతాయి. బియ్యప్పిండిలో, జొన్నపిండిలో ఆ అల్లిక లేదు. ఈస్టు వేస్తే గాలి పుడుతుంది, పుట్టినట్టే బయటికి పోతుంది. మిగిలేది గట్టి దిమ్మ. కాబట్టి మనం వెతకాల్సింది గోధుమలాంటి పిండి కాదు. గాలిని పట్టి ఉంచేది ఒకటి కావాలి, పిండిని విడిపోకుండా కలిపి ఉంచేది ఒకటి కావాలి, రుచి ఇచ్చేది ఒకటి కావాలి.

నేను ఈ వెతుకులాటలో పుస్తకాల్లో మునిగి ఉన్నప్పుడు మా అత్తగారు ఒక రోజు వంటింటి గడపలో నిలబడి, "అమ్మాయ్, మన మినపరొట్టెలో గోధుమ ఎక్కడుంది?" అన్నారు. ఆవిడది పాలకొల్లు వైపు. అక్కడ దిబ్బరొట్టె అంటే ప్రాణం. మినప్పప్పు ఒక గ్లాసు, ఇడ్లీ రవ్వ రెండు గ్లాసులు. పప్పు నానబెట్టి గట్టిగా రుబ్బి, కడిగి పిండిన రవ్వ కలిపి, ఉప్పూ జీలకర్రా వేసి, పిండి పులియనిచ్చి, మందపాటి మూకుడులో నూనె ధారాళంగా పోసి, రెండు వేళ్ళ మందాన పిండి పరిచి మూతపెడతారు. సన్నని సెగ మీద అరగంట. అడుగు ఎర్రగా కరకరలాడాలి, లోపల దూదిలా ఉండాలి. వెనకటి రోజుల్లో మూత మీద కూడా నిప్పులు పోసేవారు. కిందా పైనా సెగ. ఇవాళ ఓవెన్ చేసే పని సరిగ్గా అదే. చెరకు పానకంలో ముంచుకుని తింటే ఇంక వేరే ఏమీ అడగరు. మా అత్తగారి మాటతో నాకు కళ్ళు తెరుచుకున్నాయి. గోధుమ లేకుండా పొంగే రొట్టె ప్రపంచంలో ఎక్కడో వెతుకుతున్నాను, అది మా ఇంటి మూకుట్లోనే ఉంది.

అది ఎలా పొంగుతోంది? మినప్పప్పు రుబ్బుతున్నప్పుడు వేలికి అంటే ఆ జిగురు చూడండి. ఆ జిగురూ, పప్పులోని మాంసకృత్తులూ కలిసి గాలి బుడగల్ని పట్టి ఉంచుతాయి. ల్యూకోనోస్టాక్ అనే సూక్ష్మజీవి పప్పుతోనే వస్తుంది, పిండిని పులియబెట్టి గాలి పుట్టిస్తుంది. ఈస్టు కొనాల్సిన పని లేకుండా మన ఇడ్లీలు తరతరాలుగా పొంగుతున్నది ఇందుకే.

ఇంకో పాఠం జొన్నరొట్టె నుంచి. తెలంగాణలోనూ, రాయలసీమలోనూ జొన్నరొట్టె చేసే ఆడవాళ్ళు పిండిలో చన్నీళ్ళు పొయ్యరు. సలసల కాగే నీళ్ళు పోస్తారు. ఆ వేడికి పిండిలోని గంజి కొంత ఉడికి జిగురవుతుంది. ఆ జిగురు వల్లే రొట్టె చేతుల మధ్య తిరుగుతున్నా విరగదు. బ్రెడ్డు పిండిలో కొంత భాగం ఇలా కాగే నీళ్ళతో కలుపుకుంటే మర్నాటికి కూడా పొడిబారదు. చదువుకున్న బేకర్లు పాఠంగా నేర్చుకునే ఈ కిటుకు మన పల్లెల్లో ఎవరూ రాసిపెట్టకుండానే నడుస్తోంది.

మూడోది అరిసెలు చేసేవాళ్ళకి తెలుసు. పొడి బియ్యం మరపట్టిన పిండితో అరిసె రాదు. బియ్యం నానబెట్టి, వడగట్టి, తడి మీద పట్టిన పిండి కావాలి. పొడిబియ్యం మరలో నలిగేటప్పుడు ఆ రాపిడికీ వేడికీ గంజి రేణువులు చితికిపోతాయి. చితికిన రేణువులు నీళ్ళు ఎక్కువ తాగి, కాలేటప్పుడు నిలబడలేక కుంగుతాయి. తడిమీద పట్టిన పిండిలో రేణువులు చాలావరకు దెబ్బతినకుండా ఉంటాయి, పిండీ మెత్తగా వస్తుంది. బ్రెడ్డుకీ ఈ పిండే మేలు. ఒక్క తేడా. అరిసెలకి తడిగానే వాడతాం, బ్రెడ్డుకి మాత్రం జల్లించి నీడలో పూర్తిగా ఆరబెట్టి వాడాలి, లేకపోతే నీళ్ళ కొలత తప్పుతుంది.

ఇవన్నీ ఉన్నా, ఎత్తుగా పొంగి ముక్కలుగా కోయడానికి వీలైన బ్రెడ్డు కావాలంటే బయటినుంచి ఒక సాయం తీసుకోవాలి. అది ఇసబ్‌గోల్ పొట్టు. మలబద్ధకానికని మందుల షాపులో అమ్మేదే. గుజరాత్‌లోని ఉంఝా మార్కెట్ దీనికి పెట్టింది పేరు. ప్రపంచం వాడే ఇసబ్‌గోల్‌లో చాలా భాగం మన దేశం నుంచే వెళుతుంది. నీళ్ళు పోయగానే చిక్కటి జిగురు ముద్ద అవుతుంది. గ్లూటెన్ చేసే పనికి దీనికంటే దగ్గరగా వచ్చింది నాకు ఇంకేదీ దొరకలేదు. వాసన లేదు, రుచికి అడ్డు రాదు, పైగా పీచు.

ఇప్పుడు కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. నెమ్మదిగా చెబుతాను.

తడిమీద పట్టి ఆరబెట్టిన బియ్యప్పిండి 150 గ్రాములు. జొన్నపిండి 150 గ్రాములు. సగ్గుబియ్యం మిక్సీలో మెత్తగా పొడిచేసి జల్లించిన పిండి 100 గ్రాములు. మన సామర్లకోట, పెద్దాపురం వైపు కర్రపెండలం నుంచి తీసే సగ్గుబియ్యమే, గోధుమతో దానికి పొత్తు లేదు. ఇసబ్‌గోల్ పొట్టు 20 గ్రాములు. ఇన్‌స్టంట్ ఈస్టు 7 గ్రాములు. బెల్లం తురుము 20 గ్రాములు. ఉప్పు చెంచాన్నర. నూనె రెండు పెద్ద చెంచాలు. నిమ్మరసం ఒక చెంచా. నీళ్ళు అన్నీ కలిపి 440 మిల్లీలీటర్లు. మళ్ళీ చెబుతున్నాను, బియ్యప్పిండి 150, జొన్నపిండి 150, సగ్గుబియ్యం పిండి 100, ఇసబ్‌గోల్ 20, నీళ్ళు 440.

దయచేసి కాటా మీద తూయండి. ఒక్కొక్కరి కప్పు ఒక్కో కొలత, ఒక్కొక్కరి పిండి ఒక్కో బరువు. గోధుమపిండి కాస్త అటూ ఇటూ అయినా సర్దుకుంటుంది. ఈ పిండ్లు సర్దుకోవు.

నీళ్ళని మూడు భాగాలు చెయ్యండి. 120 మిల్లీలీటర్లు బాగా కాచి 50 గ్రాముల జొన్నపిండి మీద పోసి కలిపి చల్లారనివ్వండి. 220 మిల్లీలీటర్లలో ఇసబ్‌గోల్ వేసి ఉండకట్టకుండా గిలకొట్టి పది నిమిషాలు వదిలెయ్యండి. మిగిలిన 100 మిల్లీలీటర్లు గోరువెచ్చగా చేసి, బెల్లం కరిగించి, ఈస్టు చల్లండి. పది నిమిషాల్లో నురగ కట్టాలి. కట్టకపోతే ఈస్టు పాతబడిందని అర్థం, అక్కడే ఆగి కొత్తది తెచ్చుకోండి. తర్వాత మిగిలిన పిండ్లు, ఉప్పు, నూనె, నిమ్మరసం, ఇప్పుడు కలిపిన ఈ మూడు మిశ్రమాలూ ఒకే గిన్నెలో వేసి అయిదు నిమిషాలు చేత్తో గట్టిగా కలపండి. చపాతీ పిండి ముద్దలా అవ్వాలని చూడకండి. చేతికి అంటుకునేంత మెత్తగా ఉండాలి. పొడిగా కనబడుతోందని నీళ్ళు తగ్గించినవాళ్ళకే గట్టి రొట్టె వస్తుంది.

నూనె రాసిన బ్రెడ్డు టిన్నులో వేసి, తడిచేత్తో పైన నున్నగా సర్ది, తడిబట్ట కప్పండి. గోధుమ బ్రెడ్డు పిండిని రెండుసార్లు పొంగనిస్తారు, దీనికి ఒక్కసారే. విజయవాడ వేసవిలో అరగంట చాలు, సంక్రాంతి రోజుల్లో గంట పడుతుంది. గడియారం కంటే టిన్నుని చూడండి. ఉన్నదానికి సగం పెరిగితే చాలు. రెట్టింపు దాకా ఆగితే పట్టు సడలి ఓవెన్‌లో కుంగుతుంది. ముందే 200 డిగ్రీలకి వేడెక్కిన ఓవెన్‌లో గంటసేపు కాలనివ్వండి. నలభై నిమిషాలకి పైభాగం ఎర్రబడితే రేకు కప్పండి. గంట అయ్యాక టిన్నులోంచి తీసి, ఒట్టి రొట్టెని ఇంకో పది నిమిషాలు లోపల పెడితే చుట్టూ పెచ్చు గట్టిపడుతుంది.

ఇక అందరికీ కష్టమైన పని, ఆగడం. ఇల్లంతా వాసన నిండి ఉంటుంది, పిల్లలు కత్తి పట్టుకుని నిలబడతారు. రెండు గంటలు ముట్టనివ్వకండి. లోపల గంజి ఇంకా కుదురుకుంటూ ఉంటుంది. వేడిమీద కోస్తే కత్తికి బంకలా పట్టుకుంటుంది, కాలలేదేమో అని భ్రమపడతాం.

రుచి సంగతి. జొన్నపిండి తాజాగా పట్టించింది కావాలి. సజ్జపిండి వేస్తే తియ్యటి మట్టివాసనతో ఎంతో బాగుంటుంది కానీ నిల్వ ఉంటే చేదెక్కుతుంది, రెండు మూడు రోజుల్లో వాడెయ్యాలి. రాగిపిండి 50 గ్రాములకి మించితే రొట్టె బరువెక్కుతుంది. ఆ 50 గ్రాములు మాత్రం జొన్నకి బదులు తప్పక వెయ్యండి, ఎదిగే పిల్లలకి అందులోని కాల్షియం కావాలి. నిమ్మరసానికి బదులు పుల్లమజ్జిగ వేసి చూడండి. మా ఇంట్లో అందరికీ ఇష్టమైంది పైన నువ్వులు చల్లి కాల్చింది.

ఓవెన్ లేనివాళ్ళు బెంగపడక్కర్లేదు. దిబ్బరొట్టె ఉండనే ఉంది. దాన్ని చల్లార్చి సన్నగా కోసి పెనం మీద నేతితో కాలిస్తే బడి డబ్బాలోకి చక్కగా సరిపోతుంది, మధ్యలో కొబ్బరి పచ్చడి పెట్టుకోవచ్చు.

పిండి పట్టించే చోటు గురించి చెప్పకుండా ఉండలేను. జొన్నలు మంచివే కొన్నా, గిర్నీలో మనకంటే ముందు గోధుమలు పట్టించి ఉంటే, రాళ్ళ మధ్య మిగిలిన గోధుమపిండి మన పిండిలోకి వస్తుంది. మరవాళ్ళ తప్పేమీ లేదు, వాళ్ళ పని అది. సీలియాక్ ఉన్న ఇంట్లో మాత్రం మిక్సీలోనో, ఇంటి పిండిమరలోనో పట్టుకోవడమే క్షేమం. జల్లెడ వేరే ఉండాలి. గోధుమపిండి జల్లించిన జల్లెడ ఎంత కడిగినా సందుల్లో పిండి పోదు. చపాతీ పీట, కర్ర, చెక్క గరిటెలు, టోస్టరు కూడా వేరే. మేం ఇంట్లోకి గోధుమపిండి తేవడమే మానేశాం. రెండు రకాల గిన్నెలు, రెండు రకాల గరిటెలు అని కాపలా కాయడం కంటే అదే తేలిక. మావారికి చపాతీ మీద ప్రాణం. బయటికి వెళ్ళినప్పుడు తింటారు. ఇంట్లో అందరితోపాటు జొన్నరొట్టె తింటారు, వంకాయ కూరతో.

రొట్టె నిల్వ గురించి చెప్పి ముగిస్తాను. గోధుమ లేని బ్రెడ్డు త్వరగా గట్టిపడుతుంది. ఫ్రిజ్‌లో పెడితే ఇంకా త్వరగా గట్టిపడుతుంది, ఎందుకంటే ఆ చల్లదనంలో గంజి మళ్ళీ బిగుసుకుంటుంది. పూర్తిగా చల్లారాక ముక్కలు కోసి, డీప్ ఫ్రీజర్‌లో పెట్టుకోండి. కావలసినన్ని తీసి నేరుగా పెనం మీద వేస్తే కాల్చిన రోజు మెత్తదనం చాలావరకు తిరిగొస్తుంది. చివరి ముక్కలూ, రాలిన తునకలూ పారెయ్యకండి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు వేసి తాలింపు పెట్టి, పైన కాస్త నిమ్మరసం పిండితే బ్రెడ్ ఉప్మా అవుతుంది. తాలింపులో ఇంగువ వేసేవాళ్ళు డబ్బా వెనక ఒకసారి చదివి వెయ్యండి.